ఊపిరియా? గుండెయా?

హైదరాబాదునుండి కర్నూలునకు పోవు పెద్దబాటపై, సుమారు 85 కిలోమీటర్ల దూరమున, జడ్చర్ల యను పట్టణము కలదు. అచ్చట పడమటి దిక్కునకు మరలి 15 కిలోమీటర్లు పోయినచో మహబూబునగరము చేరుదుము. ఆ ఊరిని ఆ ప్రాంతపు జనులు నేటికిని పాలమూరనియే పిలుతురు. 1890వ సంవత్సరమున, హైదరాబాదు సంస్థానమును పాలించుచుండిన ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను పేరు దానికి పెట్టబడినది.

ఆ ప్రభువును గూర్చి ప్రజలలో ఒక విచిత్రమైన నమ్మకము వ్యాపించియుండెను. పాము కరచినవాడు మహబూబు పాషా పేరు చెప్పి ఆన పెట్టినచో విషము దిగిపోవునని పల్లెలలో చెప్పుకొనెడివారు. పాముకాటు తిన్నవారు వచ్చినచో, అర్ధరాత్రమైనను సరే, ప్రభువును నిద్రలేపవచ్చునని కూడ అనుకొనెడివారు.

ఇట్టి నమ్మకము ఎట్లు నిలువగలిగెను? మన దేశమునందలి పాములలో అనేకము విషము లేనివి. విషసర్పము కరచినను ఒక్కొక్కప్పుడు విషము శరీరములోనికి ఎక్కదు. అట్టివారు ఎవరి పేరు తలచినను బ్రదుకుదురు; ఎవరి పేరును తలపకున్నను బ్రదుకుదురు. కాని బ్రదికినవాడు తన కథను ఊరూర చెప్పుకొనును. చనిపోయినవాడు వచ్చి చెప్పలేడు. ఈ విధముగా జయములు మాత్రమే లెక్కకు వచ్చును. అపజయములు మట్టిలో కలిసిపోవును. పాముకాటునకు మందు విషమునకు విరుగుడైన సూదిమందే. దానికై క్షణమైనను జాగుచేయక ఆసుపత్రికి పోవలయును.

ఎవరి పేరు చుట్టును ఇట్టి నమ్మకము అల్లుకొనెనో, ఆ ప్రభువే వైద్యశాస్త్రమునందలి ఒక పెద్ద వివాదమును నమ్మకముచేత గాక పరీక్షచేత తేల్చుటకై తన ధనమును వెచ్చించెను. లండనునందలి గొప్ప వైద్యుడొకడు ఆ వివాదము తీర్చుటకై సముద్రములు దాటి హైదరాబాదునకు వచ్చెను. ఆ వివాదము క్లోరోఫారము అను మత్తుమందును గూర్చినది.

మత్తుమందులు లేని కాలమున శస్త్రచికిత్స యనిన రోగులు ప్రాణములు అరచేత బట్టుకొనెడివారు. నలుగురు బలిష్ఠులు రోగి కాలుసేతులు అదిమి పట్టుకొనగా, వైద్యుడు వాని కేకల నడుమ కత్తి నడపెడివాడు. రెండు మూడు నిమిషములలో కాలు తీసివేయగలవాడే నిపుణుడని పేరుపొందెడివాడు. నిదానముగా, జాగ్రత్తతో చేయవలసిన చికిత్సలను తలపెట్టుటకే ఎవరికిని సాహసము కలుగలేదు.

1846వ సంవత్సరము అక్టోబరు 16వ తేదీన అమెరికాలోని బోస్టను నగరమున విలియం మోర్టన్ అను దంతవైద్యుడు ఒక రోగిచేత ఈథరు ఆవిరి పీల్పించెను. రోగి నిద్రించెను. శస్త్రవైద్యుడు అతని మెడయందలి కణితిని కోసివేసెను. రోగి కేకవేయలేదు! ఆ వార్త కొలది వారములలో యూరపు ఖండమునకు ప్రాకెను.

అయితే ఈథరునకు లోపములు లేకపోలేదు. అది గొంతును మండించును, దగ్గు పుట్టించును, సులభముగా నిప్పంటుకొనును. అంతేకాక అది సుమారు 35 డిగ్రీల సెంటిగ్రేడు వేడికే మరుగును. వేసవిలో పాలమూరు ఎండ అంతకు మించియుండును గదా! వేడిదేశములలో దానిని వాడుట ఎంత కష్టమో దీనినిబట్టి ఊహింపవచ్చును.

కనుక మేలైన మందు కొరకు ఎడింబరో నగరమున జేమ్స్ సింప్సన్ అను ప్రసూతివైద్యుడు వెదకుచుండెను. ఆయన వెదకిన విధము మిక్కిలి వింతయైనది. రాత్రి భోజనమైన పిమ్మట ఆయనయు, ఆయన మిత్రులైన వైద్యు లిరువురును బల్లచుట్టు కూర్చుండి, రకరకముల ద్రవములను గ్లాసులలో పోసికొని తామే ఆ ఆవిరులను పీల్చెడివారు. 1847 నవంబరు 4వ తేదీ రాత్రి క్లోరోఫారము వంతు వచ్చెను. మువ్వురును మొదట ఉల్లాసముతో మాటలాడిరి. పిదప ఒకరి వెంట ఒకరు స్మృతి తప్పి క్రింద పడిరి. మెలకువ వచ్చినంతనే, ఇదియే తాము వెదకుచున్న మందని గ్రహించిరి. నేడు ఎవరును ఇట్టి సాహసము చేయరాదు. ఆ రాత్రి ఇంకొక గ్రుక్కెడు ఆవిరి పీల్చియుండినచో వారు మరల లేవకయే యుండెడివారేమో!

క్లోరోఫారమునకు తీయని వాసన కలదు. కొలది చుక్కలు చాలును. నిప్పంటుకొనదు. ఒక రుమాలుపై చల్లి ముక్కునొద్ద పట్టినచో నిద్ర వచ్చును. దానిని జనులు అమృతమువలె కొనియాడిరి. కాని మూడు నెలలైనను గడువకమునుపే పిడుగువంటి వార్త వినబడెను.

ఇంగ్లాండులో న్యూకాసిలు నగర సమీపమున వింలాటన్ అను పల్లెలో హన్నా గ్రీనర్ అను బాలిక యుండెను. ఆమె వయస్సు 15 సంవత్సరములు. 1848 జనవరి 28వ తేదీన ఆమె కాలివ్రేలి గోరు తీయవలసివచ్చెను. ఆమె భయముతో వెక్కి వెక్కి ఏడ్చుచుండెను. వైద్యుడు రుమాలుపై క్లోరోఫారము పోసి ముక్కునొద్ద పట్టెను. రెండు మూడు నిమిషములలో ఆమె ప్రాణములు పోయెను. అంతకు కొలది నెలల ముందు ఈథరుతో మరియొక గోరు తీయించుకొని సుఖముగా నుండిన బాలిక, ఇంత చిన్న చికిత్సలో మరణించుట వైద్యులను కలవరపరచెను. పిమ్మట ఇట్టి మరణములు అక్కడక్కడ జరుగుచునేయుండెను.

క్లోరోఫారము మనుష్యుని ఎట్లు చంపుచున్నది? ఊపిరిని ఆపుచున్నదా? గుండెను ఆపుచున్నదా? వైద్యులు రెండు పక్షములైరి. కలరా నీటివలన వ్యాపించునని చూపి కీర్తిగాంచిన లండను వైద్యుడు జాన్ స్నో, ఆకస్మిక మరణములలో గుండెయే మొదట ఆగుచున్నదని తలచెను. ఎడింబరోలోని శస్త్రవైద్యుడు జేమ్స్ సైమ్ ఊపిరిని కనిపెట్టియున్నచో చాలునని బోధించెను.

ఇది పండితుల వాదము మాత్రమే కాదు. మత్తు ఇచ్చువాడు రోగి నాడిపై వ్రేలుంచవలయునా, లేక రొమ్ముపై చూపు నిలుపవలయునా? ఏ గురుతు కనబడినప్పుడు మందు ఆపవలయును? దీనికి సరియైన సమాధానము దొరకనంతకాలము, నిద్రపోయిన రోగి మరల లేచునో లేదో ఎవరును చెప్పజాలరు.

ఈ వివాదము హైదరాబాదునకు వచ్చుటకు కారకుడు ఎడ్వర్డు లారీ. ఆయన ఎడింబరోలో సైమ్ శిష్యుడు. 1885లో హైదరాబాదు రెసిడెన్సీకి వైద్యుడుగా వచ్చి, అచ్చటి వైద్య పాఠశాలకును, మూసీనది యొడ్డుననున్న అఫ్జల్‌గంజి ఆసుపత్రికిని పెద్దయయ్యెను. గురువు చెప్పిన పద్ధతినే ఆయన అనుసరించెను. రోగి శ్వాసను రెప్పవేయక గమనించుచు క్లోరోఫారము ఇచ్చుచుండెను. వేలకొలది రోగులకు ఇచ్చినను ఒక్కరైనను మరణింపలేదని ఆయన ప్రకటించెను.

ఇచ్చట లారీ ఇతరులవలె తన అనుభవమును చాటుకొని ఊరకుండలేదు. పరీక్షించి చూపదలచెను. 1888లో నిజాము ప్రభుత్వపు సహాయముతో మొదటి హైదరాబాదు క్లోరోఫారము కమిషను ఏర్పడెను. కుక్కలకు క్లోరోఫారమిచ్చి, ఊపిరి మొదట ఆగునో, గుండె మొదట ఆగునో పరిశీలించిరి. ఊపిరియే మొదట ఆగుచున్నదని తేలెను. కాని లండనునుండి వెలువడు 'లాన్సెట్' అను ప్రసిద్ధ వైద్యపత్రిక ఈ ఫలితమును నమ్మలేదు.

అప్పుడు నిజాము ప్రభువు చేసిన పని అందరిని ఆశ్చర్యపరచెను. నమ్మనివారినే రప్పించి, వారిచేతనే పరీక్ష చేయింపవలయునని ఆయన వేయి పౌనులు ఇచ్చెను. లాన్సెట్ పత్రిక తన ప్రతినిధిగా లాడర్ బ్రంటన్ అను వైద్యుని పంపెను. బ్రంటన్ మందులు శరీరముపై పనిచేయు తీరును శోధించుటలో ఆ కాలమున అగ్రగణ్యుడు. క్లోరోఫారము గుండెకు ప్రమాదకరమని నమ్మినవాడు. అనగా ప్రతిపక్షి! అట్టివానినే ఆహ్వానించుట లారీ నిర్భయతకు నిదర్శనము.

1889 చివరి నెలలలో రెండవ కమిషను పని సాగెను. లారీ అధ్యక్షుడు, బ్రంటన్, బామ్‌ఫర్డ్, రుస్తుంజీ అనువారు సభ్యులు. మసి పట్టించిన కాగితమును పీపాకు చుట్టి త్రిప్పుచుండగా, సన్నని ములికి ఒకటి రక్తపు ఒత్తిడిని ఆ మసిపై గీతగా గీచుచుండెను. కంటికి కనబడని గుండె నడక ఆ విధముగా కాగితముపై కనబడుచుండెను. కుక్కలు, కోతులు, మేకలు, పిల్లులు, గుర్రములు మొదలైన జంతువులు నాలుగువందలకు పైగా ఆ పరీక్షలలో ఉపయోగింపబడెను. నేడు జంతువులపై పరీక్షలకు కఠినమైన నియమములు కలవు, నాడు లేవు. ఆ మూగజీవముల ప్రాణములు కూడ ఈ కథయందలి మూల్యములో భాగమే.

ఆ పనిలో పాలుగొన్నవారిలో ఒక విద్యార్థిని కూడ నుండెను. ఆమె రూపాబాయి ఫర్దూన్‌జీ అను పార్శీ యువతి. స్త్రీలకు వైద్యవిద్య దుర్లభమైన ఆ దినములలో, హైదరాబాదు వైద్య పాఠశాల స్త్రీలకు ద్వారములు తెరచెను. ఆ అవకాశమును అందుకొన్న మొదటివారిలో ఆమె ఒకతె. చదువు ముగించి ఆమె హైదరాబాదు ఆసుపత్రులలో రోగులకు క్లోరోఫారమిచ్చు పనిని చేపట్టెను. మత్తు ఇచ్చుట ప్రత్యేకమైన వైద్యవృత్తిగా ఇంకను రూపుగట్టని కాలమది. ప్రపంచమున ఆ వృత్తిని అవలంబించిన తొలి మహిళలలో ఆమెను లెక్కింతురు. 1909లో మరింత విద్య గడించుటకై ఆమె ఎడింబరోకు పోయెను. క్లోరోఫారము మత్తుమందుగా పేరుపొందిన ఊరికి, దానిని హైదరాబాదులో నేర్చిన స్త్రీ విద్యార్థినియై పోవుట ముచ్చటైన సంగతి.

పరీక్షలలో ఏమి తేలెను? ప్రతి పర్యాయమును ఊపిరి మొదట ఆగెను. గుండె కొంతసేపు కొట్టుకొని పిదప ఆగెను. బ్రంటన్ తన అభిప్రాయమును మార్చుకొనెను. తాను పొరబడితినని ఒప్పుకొనుటకు వెనుదీయక, ప్రమాదము ఊపిరి ఆగుటవలననే గాని గుండెవలన గాదని లండనునకు తంతివార్త పంపెను. 1890లో లాన్సెట్ పత్రిక కమిషను నివేదికను ప్రకటించెను. పాలమూరునకు ప్రభువు పేరు వచ్చిన సంవత్సరముననే హైదరాబాదు పేరు వైద్యలోకమందంతట మారుమ్రోగెను.

కథ ఇంతటితో ముగిసినచో మిక్కిలి సంతోషకరముగా నుండెడిది. కాని అట్లు ముగియలేదు. ఊపిరిని కనిపెట్టి మందిచ్చినను, క్లోరోఫారము క్రింద ఆకస్మిక మరణములు ఆగలేదు. అంతేకాదు, ఆ మరణములలో పెక్కు చికిత్స ఆరంభముననే, రోగి ఇంకను పూర్తిగా నిద్రపోకమునుపే కలుగుచుండెను. మందు ఎక్కువయైనందున మరణించిరనుటకు అవకాశమే లేదు.

ఈ చిక్కుముడిని ఇంగ్లాండులో గుడ్‌మన్ లెవీ అను వైద్యుడు విప్పెను. ఆయన పిల్లులకు ఎక్కువ మందు ఇచ్చుటకు మారుగా తక్కువ మందు ఇచ్చి చూచెను. తేలికపాటి మత్తులో నున్నప్పుడు ఎడ్రినలిన్ అను రసము రక్తములో చేరినచో, గుండె క్రమము తప్పి, కొట్టుకొనుట మాని, గిలగిల వణకి ఆగిపోవుచున్నదని 1911లో ఆయన చూపెను. మనుష్యునకు భయము కలిగినప్పుడు మూత్రపిండములపై నున్న గ్రంథులు ఆ రసమునే రక్తములోనికి విడుచును. భయముతో పెనుగులాడుచు, చికిత్స ఆరంభముననే మరణించిన రోగుల రహస్యము ఇట్లు బయటపడెను. అట్టివారిని చంపినది ఊపిరి కాదు, గుండెయే. ఆ 1911లోనే మహబూబు ప్రభువు కాలధర్మము నొందెను.

అయినచో హైదరాబాదు పరీక్షలు అసత్యములా? కావు. మందు ఎక్కువైనచో ఊపిరి మొదట ఆగుననుట సత్యమే. ఆ కాగితములపై గీతలు అబద్ధమాడలేదు. కాని వారు ముఖ్యముగా ఎక్కువ మందు సంగతిని పరీక్షించి, మందు తక్కువైనను ఎక్కువైనను ప్రమాదము ఒకటియేయని తీర్పు చెప్పిరి. భయపడిన రోగియొక్క స్థితిని వారు పరీక్షింపలేదు. ఎడ్రినలిన్‌ను ఎవరును అప్పటికి కనుగొనియుండలేదు. ప్రకృతి మనము అడిగిన ప్రశ్నకే జవాబు చెప్పును. అడుగని ప్రశ్నకు చెప్పదు. నాలుగువందల పర్యాయములు ఒకే ప్రశ్న అడిగినను రెండవ ప్రశ్నకు సమాధానము రాదు.

పాముకాటు నమ్మకమును, లారీ అనుభవమును, కమిషను పరీక్షలను ఒకదాని ప్రక్క నొకటి ఉంచి చూడవలయును. మొదటిది బ్రదికినవారి మాటపై ఆధారపడినది. రెండవది ఒక నిపుణుడు తన కన్నులతో చూచినది. మూడవది నమ్మనివానిని సాక్షిగా నిలిపి, గీత గీచి, లెక్కవేసి చూచినది. ఒకదానికంటె ఒకటి మేలైనది. అయినను మూడవది కూడ తుదిమాట కాలేదు. కాని ఒక గొప్ప భేదము కలదు. నమ్మకములోని తప్పును తెలిసికొనుటకు మార్గము లేదు. పరీక్షలోని తప్పును మరియొక పరీక్ష బయటపెట్టగలదు. హైదరాబాదువారు తాము చేసిన ప్రతి పనిని వ్రాసి ప్రకటించిరి గనుకనే, తరువాతివారు లోపమెచ్చట నున్నదో వెదకగలిగిరి.

ఇరువదవ శతాబ్దపు నడుమ కాలమునకు క్లోరోఫారము శస్త్రచికిత్సాశాలలనుండి తొలగిపోయెను. అంతకంటె క్షేమకరములైన మందులు వచ్చెను. అఫ్జల్‌గంజి ఆసుపత్రి 1908 సెప్టెంబరునందలి మూసీ వరదలో నాశనమయ్యెను. తరువాత ఉస్మానియా ఆసుపత్రి వెలసెను. నేడు ఏ పట్టణమందైనను రోగికి మత్తు ఇచ్చునప్పుడు ఆ మందిచ్చు వైద్యుడు ప్రక్కనుండి కదలడు. వ్రేలికి తగిలించిన చిన్న సాధనము రక్తములోని ప్రాణవాయువును తెలుపుచుండును. తెరపై గుండె గీత కదలుచుండును. రొమ్ము ఎగసిపడుటను కన్నులు గమనించుచుండును. ఊపిరియా, గుండెయా యని నాడు వాదులాడిరి. నేడు వైద్యుడు రెండింటికిని కావలియుండును.

ప్రశ్నలు

1. పాముకాటును గూర్చిన నమ్మకము ప్రజలలో నిలిచియుండుటకు కారణములేవి?
2. వేడిదేశములలో ఈథరుకంటె క్లోరోఫారము అనుకూలమైనదని ఏల తలచిరి?
3. తన మాట నమ్మనివానినే లారీ పరీక్షకు ఆహ్వానించుటలోని గొప్పతనమును వివరింపుము.
4. హైదరాబాదు కమిషను తీర్పులో సత్యమెంత? లోపమెంత? లెవీ దానిని ఎట్లు కనుగొనెను?
5. "నమ్మకములోని తప్పును తెలిసికొనుటకు మార్గము లేదు, పరీక్షలోని తప్పును మరియొక పరీక్ష బయటపెట్టగలదు." ఈ వాక్యమును మీ ఊరిలో విన్న ఏదేని ఒక నమ్మకముతో పోల్చి పది పంక్తులు వ్రాయుము.